కొండదారిలో పేర్లు

(చెన్నూరులో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "నడక - ఆరోగ్యం" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు చక్కెర వ్యాధి ఉంది, ఎడమ మోకాలు అరిగింది. ఆరోగ్యం గురించి నేను చెబితే వినేవాళ్ళు నవ్వుతారు. అందుకని ఆరోగ్యం వదిలేసి నడక మాత్రం ఉంచుకుంటానని వారి దగ్గర అనుమతి తీసుకున్నాను. మనలో చాలామందికి ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి ట్రెజరీ మెట్లెక్కడమే పర్వతారోహణ. నేను మాత్రం 1973 నుంచి 2008 దాకా సర్వే గొలుసు వెంట ఈ జిల్లా కొండలూ గుట్టలూ తిరిగి జీతం తీసుకున్నవాణ్ణి. అప్పుడు విన్న పేర్ల గురించి, వాటిలో ఒక పేరును నేను పాడుచేసిన సంగతి గురించి చెబుతాను.

ముందు మన ఊరి పేరు. చెన్ను అంటే అందం. చెన్నకేశవుడిలోనూ ఆ మాటే ఉంది. మన చెన్నూరు అంటే తమలపాకులు గుర్తుకొస్తాయి మనకు. కానీ నా పెళ్ళి శుభలేఖ ఒకటి ఆదిలాబాదు జిల్లా చెన్నూరుకు పోయి, పెళ్ళయిన పదహారు రోజులకు తిరిగివచ్చింది. ఆ చెన్నూరు 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో ఉంది. ఊళ్ళ పేర్లతో ఉన్న చిక్కే అది, ఎన్నిచోట్లయినా పుడతాయి. కొండ మీది పేర్లు అలా కావు. అవి అక్కడ నడిచే మనిషికి పనికివచ్చేటట్టు, ఆ చోటుకే సరిపోయేటట్టు పెట్టుకున్నవి.

తెల్లవారుజామున మన పెన్న వంతెన మీద నిలబడి చూడండి. తూర్పున లంకమల. దక్షిణాన కడప దాటితే పాలకొండలు. పడమటగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటి పోతే ఎర్రమల. ఉత్తరానికి పోతే నల్లమల. ఈ "మల" అనే మాటను మనం విడిగా వాడడం ఎప్పుడో మానేశాం. "మల ఎక్కి వచ్చాను" అని ఎవరూ అనరు. తిరుమలలో ఉంది, నల్లమలలో ఉంది, పేర్లలో మాత్రం దాక్కుని బతుకుతోంది. పాలకొండలకు ఆ పేరు మంచి మేత దొరకడం వల్ల, అంటే పాడి వల్ల వచ్చిందని ఇంగ్లీషు దొరల గెజెటీరు రాసింది. ఇప్పుడా కొండల్లో మేత సంగతి చూసినవాళ్ళకు ఆ మాట పరిహాసంగా ఉంటుంది గానీ, పేరు పెట్టిన నాటి గడ్డి ఎట్లుండిందో మనం చూడలేదు కదా.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. ప్రొద్దుటూరు బజారులో పుట్టి పెరిగినవాణ్ణి. కొండ అంటే కొండ, గుట్ట అంటే చిన్న కొండ, అంతే తెలుసు. నా గొలుసు లాగే మనిషి, మేము చైన్‌మన్ అనేవాళ్ళం, వేంపల్లె దగ్గరివాడు. వయసులో నాకు తండ్రి లాంటివాడు. మొదటి వారంలోనే ఆయనకు నా చదువు మీద ఉన్న గౌరవం పోయింది. "సార్, అది గుట్ట కాదు, బోడు. గుట్ట మీద చెట్టుంటాది, బోడు మీద ఏముంటాది?" అన్నాడు. తర్వాత ఒక్కొక్కటే నేర్పాడు. మెల్లగా ఎత్తయ్యే నేల మిట్ట. మట్టి ఎత్తు దిన్నె. రెండు కొండల నడుమ దారి దొరికితే కనుమ. నీళ్ళూ నీడా ఉన్న లోయ కోన. కోనకు దారితీసే చీలిక పాయ. మనకందరికీ తెలిసిన ఇడుపులపాయలో ఉన్నది ఆ మాటే. వాన పడితే పారి, ఆగితే ఎండేది వంక. ఏరు అంటే అంతకన్నా పెద్దది. నీళ్ళు లోతుగా నిలిచేది మడుగు. జమ్ము పెరిగిన మడుగు గనక జమ్మలమడుగు అంటారు. ఇసుకలో చేత్తో తవ్వుకునేది చెలమ. రాతిలో దానంతట అదే ఏర్పడిన తొట్టి లాంటిది దొన.

ఈ దొన అనే మాటను గుర్తుపెట్టుకోండి. మన జిల్లాలో ఏడాదికి పడేది 700 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన. అదీ నాలుగు నెలల్లో నాలుగు దఫాలుగా. కొండ మీద మేకలు కాచేవాడికి జనవరి నుంచి జూన్ దాకా బతుకంతా దొన మీదే. పాలకొండల్లో గట్టి చెకుముకి రాయి లాంటి తెల్లరాయి పొరలున్నాయి. ఆ రాతి పగుళ్ళలో వాన నీరు చిక్కుకుంటే తొందరగా ఇంకదు. దాని కింది సున్నపురాయి పొరలో పడితే మాత్రం ఎటుపోయిందో తెలియదు. ఏ దొన నీళ్ళు నిలుపుతుందో, ఏది నిలపదో కాపరికి తెలుసు. తన తర్వాతివాళ్ళకు దాన్ని పేరులో పెట్టి చెబుతాడు. అతనికి పలకా బలపం లేవు, పేరే అతని పలక.

ఇక్కడ ఒక ముచ్చట. కడప నుంచి రాయచోటి పోయే ఘాటు దారిలో గువ్వలచెరువు మీకందరికీ తెలుసు, కోవా కోసం బస్సు దిగే చోటు. గువ్వలు దిగే చెరువు. విలియం కింగ్ అనే దొర మన ప్రాంతపు రాళ్ళన్నిటినీ పరిశీలించి 1872లో భూగర్భ శాఖ తరఫున ఒక పెద్ద గ్రంథం రాశాడు. ఏ పొర ఎక్కడ బాగా కనబడితే ఆ ఊరి పేరే ఆ పొరకు పెట్టాలనే పద్ధతి. అలా వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, నార్జి, జమ్మలమడుగు అన్నీ రాతిపొరల పేర్లయ్యాయి. గువ్వలచెరువు కూడా అయ్యింది, కాకపోతే "గుల్చేరు" అయి కూర్చుంది! ఏ దేశంలో భూగర్భశాస్త్రం చదివే పిల్లలైనా కడప రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి "గుల్చేరు" అని వల్లె వేయాల్సిందే. అందులో గువ్వ ఉందని వాళ్ళకు ఎవరు చెప్పాలి? పులివెందుల దగ్గర ఈ పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసు 2008లో తేల్చారు. దాదాపు 188 కోట్ల ఏళ్ళు. పులి మందలు తిరిగేవి గనక పులివెందుల అని చిన్నప్పుడు మనం విన్నాం. ఆ రాయి పుట్టినప్పుడు పులి సంగతి అటుంచండి, గడ్డిపోచ కూడా లేదు.

నార్జి రాయి సంగతి మరీ విచిత్రం. పూనాలో మా అమ్మాయి ఇంట్లో వంటగట్టు మీది నల్లబండను చూపించి పనిమనిషి "కడప్పా" అంది. నేను ఉలిక్కిపడ్డాను. అక్కడ ఆ బండకు పేరే అది. మన జిల్లా పేరుకు ఇంగ్లీషు అక్షరాలు 2005లో మార్చారు, 2010లో జిల్లా పేరే మార్చారు, 2025లో మళ్ళీ కడప కలిపారు. ఇవేవీ ఆ పనిమనిషికి తెలియవు. ఆమె బండ మీద కొబ్బరి తురుముతూ మన ఊరి పేరు రోజూ పలుకుతోంది.

ఇంకొక పేరు, గండి. తెగిన చోటును గండి అంటాం, చెరువుకట్టకు గండి పడింది అన్నట్టే. ఎర్రమలను పెన్న కోసుకుపోయిన చోట గండికోట. పాలకొండలను పాపఘ్ని కోసుకుపోయిన చోట వేంపల్లె దగ్గరి గండి, వీరాంజనేయస్వామి క్షేత్రం. రెండు నదులు, రెండు కొండలు, ఒకటే మాట. వేంపల్లె గండిలో రెండు కొండల మధ్య బంగారు తోరణం ఉందని, చావు దగ్గరపడిన పుణ్యాత్ములకు మాత్రమే అది కనబడుతుందని కథ. మన్రో దొరకు కనబడిందట. దత్త మండలాలు కుంఫిణీ చేతికి వచ్చిన 1800లో మన ప్రాంతానికి కలెక్టరుగా వచ్చి, తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోయాడు. తోరణం కనబడినందుకే పోయాడని జనం చెప్పుకున్నారు. నేను ఆ గండిలో ఎన్నోసార్లు గొలుసు వేశాను. తోరణం కనబడలేదు గనకే మీ ముందు ఇలా నిలబడ్డాను.

ఇక నేను చేసిన పొరపాటు దగ్గరికి వస్తాను.

1976లో పాలకొండల్లో ఒక ఊరి సరిహద్దు కొలుస్తున్నాం. ఊరి పేరు చెప్పను. చెబితే మీలో కొందరు రేపే బయలుదేరతారు. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే రాయి వెతకాలి. దారి చూపడానికి ఊరి తలారి ఒక ముసలి గొర్రెల కాపరిని పంపించాడు. ఆయన ముందు నడుస్తూ ప్రతి రాయికీ పేరు చెప్పేవాడు. ఇది సద్దిరాయి, ఇక్కడ కూచుని సద్ది తింటాము. ఇది జారుడుబండ. అది తల్లిదొన. ఇదో, ఈ బోడు పక్కన ఉండేది గొడ్డుదొన. నేను కొలతల పుస్తకం అంచున ఈ పేర్లన్నీ రాసుకున్నాను. పేర్లు రాయడం నా ఉద్యోగంలో భాగం కాదు. కుతూహలం కొద్దీ రాసుకున్నాను. రాత్రి చావడిలో లాంతరు పెట్టుకుని పటం నకలు గీసేటప్పుడు ఆ పేర్లు కూడా ఎక్కించాను. అప్పుడు "గొడ్డుదొన" దగ్గర నా చేయి ఆగింది. గొడ్డు అంటే పశువు కదా. ఒక్క పశువు కోసం దొన ఉంటుందా? ముసలాయన బహువచనం సరిగా పలకలేదనుకుని "గొడ్లదొన" అని దిద్ది రాశాను. గొడ్లు నీళ్ళు తాగే దొన. చక్కగా అర్థమవుతోంది కదా అని సంతోషపడ్డాను కూడా.

ముప్పయ్యారేళ్ళు గడిచాయి.

2012 ఏప్రిల్‌లో మేము ఐదుగురం పింఛనుదారులం ఆ కొండకు వెళ్ళాం. అటవీ శాఖవారి అనుమతి తీసుకునే వెళ్ళాం. (ఈ మాట కావాలనే చెబుతున్నాను. ఆ కొండల్లో ఎర్రచందనం ఉంది. ప్రపంచంలో అది సహజంగా పెరిగేది ముఖ్యంగా మన ఈ కొండల్లోనే. అనుమతి లేకుండా లోపలికి పోతే ముసలివాడా పడుచువాడా అని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా.) ఆ ఐదుగురిలో మన సైన్సు మాస్టారు ఒకరు. మూడో వరుసలో కూర్చుని ఇప్పటికే నవ్వుతున్నారు, చూడండి. పొద్దున ఆరున్నరకు ఎక్కడం మొదలుపెట్టాం. ఎనిమిదికి దిగుదాం అనుకున్నవాళ్ళం కబుర్లలో పడి పదకొండు దాకా పైనే ఉన్నాం. తెచ్చిన నీళ్ళు అయిపోయాయి. నాకు బెంగలేదు. నా దగ్గర నా పటం నకలు ఉంది. అందులో రెండు దొనలు. తల్లిదొన బోడుకు అవతల, అర మైలు దూరం. గొడ్లదొన ఇదిగో, ఇక్కడే. "గొడ్లు తాగేంత నీళ్ళుంటే మనకు చాలవా?" అని అందరినీ అటు నడిపించాను.

దొనలో నీళ్ళు లేవు. నీళ్ళు లేకపోవడం కాదు, నీళ్ళు నిలిచిన జాడే లేదు. రాయి పెనంలా కాలుతోంది. మాస్టారు ఒక బండకు ఆనుకుని కూర్చున్నారు. రెండు నిమిషాల తర్వాత పలకరిస్తే జవాబు తడబడింది. ఒంటి మీద చెమట లేదు, ముట్టుకుంటే కాలిపోతోంది. జీవితంలో నేను అంత భయపడింది ఇంకెప్పుడూ లేదు. ఆయన భార్య బయలుదేరేటప్పుడు నా చేతికి పులిహోర డబ్బా ఇచ్చి "అన్నా, ఆయన్ను జాగ్రత్త" అన్న మాట చెవిలో మోగుతోంది.

కేకలు వేశాం. ఒక మేకల కాపరి, ఆడమనిషి, నలభై ఏళ్ళుంటాయి, పై నుంచి దిగివచ్చింది. చంకలో కూల్‌డ్రింకు సీసాలో నీళ్ళు. మేము తాగించబోతే చేయి అడ్డం పెట్టి, ముందు తన కొంగు తడిపి మాస్టారు తల మీద, మెడ మీద వేసింది. తర్వాత గుక్కగుక్కగా తాగించింది. ఆయన కళ్ళు తెరిచాక మా వైపు తిరిగి "ఈడికెందుకు వచ్చినారు సామీ, నీళ్ళకా?" అంది.

"గొడ్లదొన కదమ్మా ఇది" అన్నాను.

"గొడ్లదొన అని యెవురు చెప్పినారు? ఇది గొడ్డుదొన. గొడ్డుమోతుది. వానాకాలంలో గూడా మూడు దినాలు నిలవవు నీళ్ళు. తల్లిదొన అదో, ఆ పక్క. అది ఎండింది మా అమ్మ గూడా చూళ్ళేదు."

అప్పటికి నాకు వెలిగింది. గొడ్రాలు, గొడ్డుమోతు, గొడ్డుచాకిరి, గొడ్డు అన్న మాటకు వట్టిది, ఫలితం లేనిది అనే అర్థం నాకు తెలియనిది కాదు. తల్లివేరు అన్నట్టే తల్లిదొన. దానికి ఎదురుగా గొడ్డుదొన. పక్కపక్కన పెట్టిన రెండు పేర్లు. ఇది నమ్ము, అది నమ్మొద్దు అని ఏ నాటి కాపరో చెప్పి పెట్టిపోయాడు. ఒక్క కొమ్ము తీసేసి, లావత్తు పెట్టి దాన్ని తలకిందులు చేసింది నేను. యెవురు చెప్పినారు అని ఆమె అడిగితే "నేనే" అనడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు చెప్పలేదు. వారం తర్వాత మాస్టారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను బడిలో పిల్లల సమాధానాలు ఇట్లా ఎన్ని దిద్దానో" అన్నారు.

ఆ పటం నకలు ఒకటి ఒక కార్యాలయంలో కూడా ఉంది. తప్పు దిద్దించాలని వెళ్ళాను. అక్కడి గుమాస్తా అర్జీ చదివి, "ఈ దొన ఎవరి పట్టాలో ఉంది సార్?" అన్నాడు. ఎవరి పట్టాలోనూ లేదన్నాను. "మరి అభ్యంతరం ఎవరిది?" అన్నాడు. నాదే అన్నాను. తప్పు ఎవరిది అన్నాడు. అదీ నాదే అన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు గానీ అర్జీ మాత్రం తీసుకోలేదు. ఆయన్ను అని ప్రయోజనం లేదు. పేరుకు పట్టా ఉండదు. అందుకని నా నకలు మీద మాత్రం ఎర్రసిరాతో దిద్దుకున్నాను.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. కొండ మీద ఏ పేరు విన్నా, చెప్పినవాళ్ళ నోట ఎట్లా పలికిందో అట్లాగే రాయడం. అర్థం తోచకపోతే తోచలేదని వదిలేయడం. పేర్లకు కథలు అల్లడంలో మనం తక్కువవాళ్ళం కాదు. వేంపల్లెను తీసుకోండి. వేపచెట్టు వల్ల అని కొందరు, వెంపలిచెట్టు వల్ల అని కొందరు. రెండు పక్షాలవాళ్ళూ నా దగ్గర పందెం కట్టిన సందర్భం ఉంది. అటు జమ్మలమడుగు వైపు పెద్దముడియం ఉంది. శాసనాల్లో, చాళుక్యుల కథల్లో వచ్చే ముడివేము అదేనని చరిత్రకారులు గుర్తించారు. వేము అంటే వేప. ఎప్పుడో ఆ చివరి "వేము" అరిగి "యం" అయింది. శాసనం దొరక్కపోతే ఆ "యం"లో వేపచెట్టు ఉందని ఎవరు నమ్ముతారు?

శాసనాల మాట వచ్చింది గనక కలమళ్ళ సంగతి చెప్పకుండా పోలేను. ఎర్రగుంట్ల దగ్గరి ఆ చిన్న ఊళ్ళో దొరికిన రేనాటి చోళ ధనంజయుని శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది. మనకు తెలిసినంతలో తెలుగులో రాసిన తొలి శాసనం. అందులో రేనాడు పేరుంది. ఏ పటంలో వెతికినా ఇవాళ రేనాడు దొరకదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారిని రేనాటి వీరుడు అనుకున్నప్పుడు మాత్రం పేరు నోట్లో ఆడుతుంది. మెకంజీ దొర తన మనుషులను ఊరూరా పంపి, కరణాల చేత ఊళ్ళ చరిత్రలు రాయించాడు. అవే కైఫీయతులు. కావలి సోదరులు ఆయన కింద చేసిన పని చిన్నది కాదు. ఆ కైఫీయతుల్లో ఊరి పేరు ఎందుకొచ్చిందో దాదాపు ప్రతిచోటా ఒక కథ ఉంటుంది. చాలావరకు పురాణమే. కానీ ఆ కథల మధ్య వంక పేరు, కుంట పేరు, బీడు పేరు వస్తాయి, అవి కల్పన కావు. వాటి కోసమే నేను కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి పోయి కూర్చుంటాను. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. మంచికో చెడ్డకో అది వేరే చర్చ, ఈ సభలోనే రెండు పక్షాలవాళ్ళూ ఉన్నారు. కానీ కయ్యకయ్యకూ పేరు తెలిసిన మనిషి ఊరికొకడు ఉండేవాడు, ఆయన లేకుండా పోయాడు.

పేరు నిలిస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. కలివికోడి అనే పక్షి ఉంది. జెర్డాన్ అనే దొర 19వ శతాబ్దంలో చూసి లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందని పెద్దపెద్ద శాస్త్రజ్ఞులు రాసేశారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవాళ్ళు బొమ్మ వేయించి మన ఊళ్ళల్లో పంచితే, చూసినవాళ్ళు "ఇది కలివికోడి కదా" అన్నారు! కలివి పొదల్లో తిరిగే కోడి. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె ప్రాంతంలో, లంకమల పాదం దగ్గర అది దొరికింది. తర్వాత ఆ అడవిని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంగా చేశారు. ఎనభై ఆరేళ్ళు శాస్త్రానికి లేని పక్షి, ఆ పొదల పక్కన బతికేవాళ్ళ నోట్లో పేరుతో సహా ఉంది. వాళ్ళను ఎవరూ అడగలేదు, అంతే.

అడగడానికి కూడా కొన్నిచోట్ల ఆలస్యమైపోయింది. గండికోట జలాశయం 26.85 టీఎంసీలది. దాంట్లో నీళ్ళు నింపడానికి 2020లో కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ చేయించారు. తాళ్ళంటే తాటిచెట్లే అయివుంటాయని నా ఊహ, ఊహ మాత్రమే. నీళ్ళు కావాలి, పులివెందుల వైపు తోటలకు ఆ నీళ్ళెంత అవసరమో నేను చెప్పనక్కరలేదు, మా వియ్యంకులు చీనీచెట్లు నరుక్కున్న రోజులు నాకు తెలుసు. ఊరి పేరు మనుషులతో పాటు పునరావాస కాలనీకి వెళ్ళింది. పొలాల పేర్లు, దారుల పేర్లు, పిల్లలు ఈతలు కొట్టిన మడుగు పేరు ఎక్కడికి వెళ్తాయి? అవి నేలను అంటిపెట్టుకున్నవి. ఆ ఊరివాళ్ళు ఎవరైనా ఈ సభలో ఉంటే, ప్రసంగం అయ్యాక నా దగ్గరికి రావాలని కోరుతున్నాను. నా పుస్తకంలో ఆ పేజీ సగం ఖాళీగా ఉంది.

నేను వెతుకుతున్నది ఊళ్ళ పేర్లు కాదు. అవి బోర్డుల మీద, బస్సుల మీద ఉంటాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లతో, ఉపగ్రహాల సాయంతో కొలతలు తీశారు. మేము నెల రోజులు గొలుసు ఈడ్చి తెచ్చిన లెక్క వాళ్ళు పూటలో తెస్తారు. అసూయ లేదు, నా మోకాలు నాకు తెలుసు. అయితే డ్రోను కింద కాపరి నిలబడి "అది గొడ్డుదొన" అని అరిచినా దానికి వినబడదు. పేర్లు కావాలంటే కాళ్ళతో పోవాలి, నిలబడాలి, బీడీ కాలుస్తున్నవాడి పక్కన కూర్చోవాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు ఆ తీరిక లేదు. తీరిక ఉన్నది మనకే.

పిల్లలు నవ్వుతారని కొన్ని పేర్లు మనమే దాచిపెడుతున్నాం. నల్లమలలో చెంచుల గూడేలను పెంట అంటారు. మనవడికి ఆ మాట చెబితే ముక్కు మూసుకున్నాడు. వాడికి తెలిసిన పెంట వేరు. అలా సిగ్గుపడి ఊరి పేరును ఏదో నగర్ అనో పురం అనో మార్చుకుందామనే పెద్దమనుషులను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. చేసినా పాత పేరు ఒకచోట రాసి పెట్టండి.

మేము ఇప్పటికి రాసినవి 412 పేర్లు. సగం మా చైన్‌మన్ చెప్పినవే. ఆయన 1999లో పోయాడు. ఆ మేకల కాపరి చెప్పినవి ఇరవైమూడు. మరుసటి ఏడాది మాస్టారూ నేనూ చీరె, పండ్లు తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళాం. అప్పుడు చెప్పాను, గొడ్లదొన అని రాసింది నేనేనని. ఆమె నవ్వలేదు. "రాసేటప్పుడు ఒక మాట అడిగింటే పాయె గదా సామీ" అంది. తర్వాత మంచినీళ్ళిచ్చి, పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.

ఈ నెల నాలుగో ఆదివారం పుష్పగిరికి నడక పెట్టుకున్నాం. కష్టమైన ఎక్కుడు లేదు, పెన్న గట్టునే. కొండ నీటిలో పువ్వులా తేలింది గనక పుష్పగిరి అని అక్కడ చెబుతారు. అది పురాణం, వినండి. ఆ తర్వాత గుడి వెనక మేకలు కాచేవాళ్ళను గుట్ట మీది బండల పేర్లు అడగండి. అవి రాసుకోండి. పొద్దున ఐదున్నరకు చెన్నూరు బస్టాండు దగ్గర కలుద్దాం, పది గంటలకల్లా తిరుగుముఖం. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ లేదా తువ్వాలు, చేతికర్ర, ఒక నోటు పుస్తకం తప్పనిసరి. రక్తపోటు మాత్రలు వేసుకుని రావాలి. పులిహోర మా ఇంటి నుంచి వస్తుంది. మాస్టారు కూడా వస్తామన్నారు. ఈసారి నీళ్ళ సంగతి తానే చూసుకుంటారట, నన్ను నమ్మరట.